మండలం గడిచేదాకా ఆగిన అప్పీలు

నా భర్తకు ఏడాది జైలు పడిన రోజు చిత్తూరు కోర్టు వసారాలో మా ప్లీడరు మా మామతో ఒక మాట చెప్పాడు. ముప్పై రోజుల్లోపల పైకోర్టుకు అప్పీలు వేసుకోవాలి, గడువు దాటితే ఎంత ఏడ్చినా లాభం లేదు అని. ఆ మాట మా మామ విన్నాడు. మాతో వచ్చిన ఊరి పెద్దమనుషులు ఇద్దరూ విన్నారు. స్తంభం పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిన నేనూ విన్నాను. ఇంతమంది విని కూడా ఆ మనిషిని లోపలే ఉండనిచ్చాం. తలుచుకుంటే ఈ వయసులోనూ నా నోరు చేదవుతుంది. తప్పు ఎవరో ఒకరి నెత్తిన పెట్టి చేతులు దులుపుకుందామంటే కుదరడం లేదు. కోర్టు మీద అసహ్యం, మా వాళ్ళ మీద అసహ్యం, నా మీద నాకే అసహ్యం.

అవి యుద్ధం జరుగుతున్న రోజులు. మా ఊరు ఐరాలకూ బంగారుపాళ్యానికీ మధ్య, బస్సు కోసం మూడు మైళ్ళు నడవాల్సిన చోట ఉండేది. మా బావిలో మాకు సగం, మా దాయాదికి సగం. దాయాది అంటే మా మామకు అన్న కొడుకు. పొద్దున మేము ఎద్దులు కట్టి కపిల తోలి నీళ్ళు తోడుకోవాలి, పొద్దు తిరిగితే వాళ్ళు తోలుకోవాలి. గట్టు మీద నాటిన కర్ర నీడను చూసి వంతు మార్చుకునేవాళ్ళు. ఆ రోజు మబ్బు పట్టి నీడే పడలేదు. మీ వంతు అయిపోయిందని అతను, ఇంకా కాలేదని మా ఆయన. అమ్మ, ఆలి అన్నీ నోటికి వచ్చాయి. ఎద్దులు వాలులోకి దిగుతూ ఉన్నాయి, నీళ్ళ బాన పైకి వస్తూ ఉంది. అతను ఉరికిపోయి గిలక కింద బాన మోకు పట్టుకుని వెనక్కి లాగాడు. రెండు ఎద్దుల బరువును ఒక మనిషి చెయ్యి ఆపుతుందా? ఆ చెయ్యి మోకుతోపాటు గిలక దాకా పోయి మెలిపడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను అప్పుడే సంగటి గంప నేల మీద దించుతున్నాను. మా ఆయన చేతిలో ములుకోల ఉన్నమాట నిజం. ఎద్దులు తోలేవాడి చేతిలో ములుకోల కాక మరేం ఉంటుంది? దాన్ని అతని మీదికి ఎత్తలేదు. నేను చూశాను.

అతను పోయి, ములుకోలతో కొట్టి చెయ్యి విరిచాడని పోలీసులకు చెప్పాడు. సాక్ష్యానికి బావమరిదినీ పాలేరునూ పెట్టుకున్నాడు. ఆ పూట వాళ్ళిద్దరిలో ఒకడు సంతకు పోయి ఉన్నాడు, ఇంకొకడు చెరకు తోటలో ఉన్నాడు. మా వైపు కళ్ళారా చూసినదాన్ని నేనొక్కదాన్నే. కోడలిపిల్లను కోర్టు మెట్లు ఎక్కిస్తామా, మన పరువేం కావాలి అన్నారు మా అత్తామామలు. తీర్పు రోజు మాత్రం ఎక్కించారు. పెళ్ళాం ఏడుస్తూ కనిపిస్తే మేజిస్ట్రేటు మనసు కరుగుతుందని ఎవరో చెప్పారట. నిజం చెప్పడానికి అడ్డం వచ్చిన మెట్లు ఏడవడానికి అడ్డం రాలేదు.

మేజిస్ట్రేటు ఇంగ్లీషులో చదివి లేచిపోయాడు. ఏడాది కఠిన శిక్ష. మా ప్లీడరు మమ్మల్ని పక్కకు తీసుకుపోయి చెప్పాడు.

“ఇది నిలబడే తీర్పు కాదు పెద్దాయనా. ఆసుపత్రి డాక్టరు బోనులో ఏం చెప్పినాడు? తోలు మీద దెబ్బ గుర్తే లేదన్నాడు. ఎముక మెలితిరిగి విరిగిందన్నాడు. కట్టెతో కొడితే ఎముక మెలితిరుగుతుందా?”

“మరి ఈయప్ప ఆ మాట ఇనలేదా సామీ?” అన్నాడు మా మామ.

“ఇన్నాడు. రాసుకున్నాడు. ఇద్దరు సాక్షులు సూసినామన్నారు కదా అని పక్కన పెట్టినాడు. అప్పీల్లో మళ్ళా సాక్షుల్ని పిలవరు. ఈడ రాసుకున్న కాగితాలే జడ్జి చదువుతాడు. డాక్టరు మాట ఆ కాగితాల్లోనే ఉండాది. ఆ ఒక్క మాట చాలు. అప్పీలు వేస్తే, అది తేలేదాకా జామీను మీద బయటికి కూడా తీసుకురావచ్చు. ముప్పై రోజులు. తీర్పు నకలు తీసుకునేదానికి పట్టే రోజులు అందులోంచి తీసేస్తారు. రేపే దరఖాస్తు పెడతాను. మీరు మాత్రం గడువులోపల రావాల.”

ఇంతకన్నా విప్పి చెప్పేవాళ్ళు ఉంటారా? మా ఆయన కొట్టలేదని కాగితమే చెబుతోంది. ఆ కాగితాన్ని ఒక బల్ల మీది నుంచి ఇంకొక బల్ల మీదికి చేర్చాలి, అంతే. మేము చేయాల్సిన పని అదొక్కటే.

తిరుగు బండిలోనే పెద్దమనుషులు మొదలుపెట్టారు.

“కాగితాలు చదివేటోడికి ఏం తెలుస్తాదప్పా? ఆయప్ప బావి సూసినాడా, మోకు సూసినాడా?”

“అదే కదా. మనకు కాణిపాకం దేవుడు లేడా? ఆ దాయాదిని తీసుకపోయి ప్రమాణం చేయిద్దాం. అబద్ధమైతే కోనేట్లో మునిగి లేసేదానికే కాళ్ళు వణుకుతాయి.”

“ఒకేళ చేసేసినాడనుకో?”

“చేస్తే ఒక మండలం సూద్దాం. నలభై ఒక్క రోజుల్లో ఆ ఇంట్లో ఏదన్నా కీడు జరిగిందా, అబద్ధమని ఊరంతా తెలిసిపోతాది. అప్పుడు ఆయప్పే మేజిస్ట్రేటు దొర దగ్గరికి పోయి తప్పు చెప్పినాను సామీ, ఇడిసిపెట్టండని ఒప్పుకోవాల. ఆ మండలం అయ్యేదాకా ఎవురూ కోర్టు గడప తొక్కేది లేదు. దేవుని దగ్గర పెట్టినాక మళ్ళా ప్లీడరు దగ్గరికి పోతే దేవుణ్ణి నమ్మనట్లే కదా.”

మా మామ తల ఊపాడు. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని, కానీ ముప్పై కన్నా నలభై ఒకటి ఎక్కువని నాకు తెలుసు. బండి వెనక నుంచి ఆ మాట అన్నాను.

“మామా, ప్లీడరు ముప్పై రోజులన్నాడు కదా.”

“అది శిస్తు గడువు మాదిరే లేమ్మే,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే. “నేను యా సంవచ్చరం గడువులోపల శిస్తు కట్టినాను? జుల్మానా వేస్తారు, కడితే తీసుకుంటారు. సర్కారోడు వచ్చేదాన్ని వద్దంటాడా?”

పెద్దమనుషులిద్దరూ నవ్వారు. వాళ్ళూ అట్లా కట్టేవాళ్ళే. మా ఊళ్ళో గడువులోపల శిస్తు కట్టినవాణ్ణి చేతకానివాడిగా చూసేవాళ్ళు. ప్లీడరు చెప్పిన గడువును వాళ్ళు ఆ కళ్ళతోనే చూశారు. నేను ఆ మాటను అక్కడే వదిలేశాను. రెండోసారి అనలేదు. అనాల్సింది.

దాయాది ప్రమాణానికి ఒక్క మాటకే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే మాకు బుద్ధి రావాల్సింది. ఒక వారం తరువాత తెల్లారేసరికి రెండు బండ్లలో కాణిపాకం చేరాం. అతని చేతికి ఇంకా పుత్తూరు కట్టు ఉంది, ఆకు పసరు వేసి వెదురు దబ్బలతో బిగించిన కట్టు. ఆ కట్టు తడవకూడదు. ప్రమాణం చేసేవాడేమో నిండా మునిగి తడిబట్టలతో దేవుడి ముందు నిలబడాలి. అతను నీళ్ళలో దిగి, విరిగిన చేతిని పైకెత్తి పట్టుకుని మునిగాడు. తల, ఒళ్ళు మునిగాయి. చెయ్యి ఒక్కటి గుంజ మాదిరి నీళ్ళ పైన నిలబడింది.

“చెయ్యి మునగలేదు కదప్పా,” అన్నాడు మా వైపు పెద్దమనిషి.

“కట్టు తడిస్తే ఎట్లప్పా? పుత్తూరుకు మళ్ళా నువ్వు తీసకపోతావా?” అన్నాడు వాళ్ళ బావమరిది.

“అన్నేయం కదా. ఏ చేతి గురించి ప్రమాణమో ఆ చెయ్యే బయట ఉండాది.”

“తల మునిగితే చాలబ్బా. అబద్ధం చెప్పేది నోరు కదా, చెయ్యి కాదు కదా.”

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. వాదించుకుని వాదించుకుని, చెల్లుతుందని తీర్మానం చేశారు. తడి పంచెతో, పైకెత్తిన చేతితో అతను గుడిలోకి పోయి, ములుకోలతో కొట్టి నా చెయ్యి విరిచినాడు, ఇది సత్యం అన్నాడు. నాలుక తడబడలేదు. బయటికి వచ్చి తల తుడుచుకుంటూ నన్ను చూశాడు. బావి గట్టు మీద నేనున్న సంగతి అతనికి తెలుసు. కళ్ళు దించుకున్నది అతను కాదు, నేను. ఎందుకు దించుకున్నానో ఈనాటికీ తెలియదు.

ఆ తరువాత నాలుగు రోజులకు మా మామా, ఒక పెద్దమనిషీ వేలూరు జైలుకు పోయి మా ఆయనను చూసి వచ్చారు. అంతా చెప్పి వచ్చినాను, ధైర్యంగా ఉండాడు అన్నాడు మా మామ. ఏం చెప్పాడో నేను అడగలేదు.

ఇక మండలం మొదలైంది. దాన్ని ఎట్లా గడిపామో రాయాలంటే చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. పొద్దున లేస్తూనే మా అత్త పేడ చల్లే వంకతో వీధిలోకి వచ్చి దాయాది ఇంటి వైపు చూసేది. పొగ వస్తోందా, ఎవరైనా దగ్గుతున్నారా, దూడ లేచి నిలబడిందా, ముసలావిడ బయటికి వచ్చిందా. చూసి వచ్చి మా మామకు చెప్పేది. ఏం కాలేదు అంటే ఆయన ముఖం వేలాడేది. పక్కింటివాళ్ళ క్షేమం వింటే ముఖం వేలాడే ఇల్లు మాది. నేను నీళ్ళకు పోయి వచ్చేటప్పుడు నా కళ్ళు కూడా ఆ గడప మీదే ఉండేవి.

ఇరవై రోజులు దాటాక అతని కూతురికి జ్వరం వచ్చింది. అయిదేళ్ళ పిల్ల. మా అత్త చూసి వస్తానని పోయి, ఉరుకుతున్నట్టే తిరిగి వచ్చింది.

“ఒళ్ళు కాలిపోతాండాది,” అంది. పండగ కబురు తెచ్చినట్టు అంది. “కండ్లు తెరవల్యా. సూసినావా, దేవుడు ఉండాడు.”

నాకు కడుపు చల్లబడింది. అబద్ధం రాసి ఏం చేసుకోను? ఆ పిల్ల బావి దగ్గర నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల. ఆ పిల్ల పోతే నా మొగుడు వస్తాడు అని నా మనసు నిమ్మళంగా లెక్క వేసుకుంది.

ఆ మధ్యాహ్నం పిల్ల తల్లి మా వాకిట్లోకి వచ్చింది. కేసు మొదలైనప్పటి నుంచి మా గడప తొక్కలేదు. లోపలికి రాకుండా అక్కడే నిలబడి అడిగింది.

“అక్కా, కషాయానికి రోంత శొంఠి ఉంటే ఇస్తావా? కోమటంగడి మూసేసినారు.”

“లేదు,” అన్నాను.

డబ్బా నిండా శొంఠి ఉంది. కరువు రోజుల్లో గింజ గింజ దాచుకునేదాన్నని ఊళ్ళో నాకు పేరు. శొంఠి కొమ్ము ఇవ్వకపోతే పిసినారితనం అనుకుంటారు, అంతకు మించి అనుకోరు. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, సరేక్కా అని వెళ్ళిపోయింది. నేను పోయి ఆ డబ్బా మూత గట్టిగా బిగించాను. ఆ అమ్మ ఎక్కడి నుంచి తెచ్చుకుందో, పిల్లకు అయిదో రోజు జ్వరం దిగింది. వీధిలో ఆడుకోవడం చూసి మా అత్త పేడ నీళ్ళు అక్కడే కుమ్మరించి లోపలికి వచ్చింది.

నలభై ఒకటో రోజు కూడా ఏమీ కాలేదు. సాయంత్రం పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చున్నారు. వక్కాకు నమిలి నమిలి ఒకాయన అన్నాడు, “అంటే ఆయప్ప సత్యమే చెప్పినాడేమోనప్పా.”

మా అత్త, కడుపున కన్న తల్లి, తలుపు చాటు నుంచి అంది, “మావోడికి కూడా కోపం ఎక్కువే. ఒక దెబ్బ ఏసే ఉంటాడేమో.”

“నేను సూసినానత్తా. కొట్టలేదు,” అన్నాను.

“నువ్వు మొగుని పక్షం మాట్టాడకుండా ఎవురి పక్షం మాట్టాడతావు?”

కోర్టులో డాక్టరు చెప్పిన మాట, నేను చూసిన చూపు, నలభై ఒక్క రోజుల్లో ఎవరూ చావకపోయేసరికి చెల్లకుండా పోయాయి. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. రేపు ఎవరూ రాకపోతే నేనొక్కదాన్నే చిత్తూరికి నడిచిపోతాను, దారిలో అడిగినవాళ్ళందరికీ ఎందుకు పోతున్నానో చెబుతాను అన్నాను. పరువు మాట వచ్చేసరికి మా మామ లేచాడు.

ప్లీడరు మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచినంత పని చేశాడు.

“ఇన్నాళ్ళు యాడ సచ్చినారు? నకలు తీసి పెట్టుకుని కూసోనుండాను. రెండు జాబులు రాయించినాను!”

జాబులు వచ్చిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. మా మామ వాటిని దూలం సందులో దోపి పెట్టాడు.

“మండలం పెట్టుకున్నాం సామీ,” అన్నాడు మా మామ. జరిగింది చెప్పాడు. చివర్లో, “ఎంత జుల్మానా అయితే అంత కడతాం లే సామీ,” అన్నాడు.

ప్లీడరు నుదురు పట్టుకున్నాడు. “శిస్తనుకున్నావా పెద్దాయనా ఇది? గడువు దాటినాక అప్పీలు వేయాలంటే ముందు ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టాల. ఎందుకు ఆలస్యమైందో చెప్పాల. జడ్జి సరే అంటేనే అప్పీలు తెరుస్తాడు. లేకుంటే కేసు కాగితాల కట్ట ముడి కూడా విప్పడు.”

“జరిగింది రాయండి సామీ,” అన్నాను నేను.

“కాణిపాకంలో ప్రమాణం, మండలం అని రాస్తే కోర్టంతా నవ్వుతాదమ్మా. పెద్దాయనకు విషజ్వరం, మంచంలో ఉండాడు, కేసు సూసుకునేదానికి ఇంకో మగదిక్కు లేదు. అట్ల రాస్తాం. వైద్యుని చేత ఒక చీటీ తెచ్చుకోండి.”

చీటీ ఆ సాయంత్రానికే వచ్చింది. దానితో పాటు మా మామ పేరుతో ఒక అఫిడవిట్టు తయారైంది. అఫిడవిట్టు అంటే ఇందులో ఉన్నదంతా సత్యమని దేవుడి సాక్షిగా ఒట్టు వేసి ఇచ్చే కాగితం. ఒక ఉద్యోగి ముందు నిలబడి ఆ ఒట్టు వేయాలి. మా మామ నిలబడి వేశాడు. నలభై ఒక్క రోజులు ఇంకొకడి ఒట్టు అబద్ధమని తేలాలని దేవుణ్ణి మొక్కిన మనిషి, రెప్ప ఆర్పకుండా వేశాడు.

బయటికి వచ్చాక అడిగాను. “మామా, అది అబద్ధం ఒట్టు కదా?”

“కాగితం మీదే కదమ్మే. గుడిలో కాదు కదా.”

అయినా ఆ కాగితాన్ని చించమని అనలేదు. అది గెలిస్తే మా ఆయన బయటికి వస్తాడు. నా ఆశ కూడా ఆ అబద్ధం మీదే కూర్చుంది.

రెండు నెలలకు వచ్చిన విచారణ రోజు, చిత్తూరులోనే ఉన్న పైకోర్టులో, అంటే జిల్లా జడ్జి దగ్గర, మా కేసు పిలిచేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. కింది కోర్టు కాగితాలు కట్టగా జడ్జి బల్ల మీద ఉన్నాయి, చుట్టూ ఎర్ర నాడా కట్టి. డాక్టరు మాట అందులో ఉంది. నేను ఆ కట్టనే చూస్తూ నిలబడ్డాను. వెనక బెంచీ మీద మా దాయాది కూర్చుని ఉన్నాడు. కట్టు విప్పేశాడు, చెయ్యి కొంచెం వంకరగా అతికింది.

మా ప్లీడరు విషజ్వరం గురించి చెప్పాడు. సర్కారు ప్లీడరు లేచి, ఈ పెద్దాయన మంచంలో ఉన్నాడని చెబుతున్న రోజుల్లో కాణిపాకంలో ఊరందరితో కలిసి నిలబడి ఉన్నాడు, వేలూరు జైలుకు కూడా పోయి వచ్చాడు అన్నాడు. దాయాది చెప్పిన సంగతులే అవి. జడ్జి కలం కింద పెట్టి మా మామను ముందుకు పిలిపించాడు. జడ్జి తెలుగు కొంచెం అరవ యాసతో ఉండేది.

“నీకు జ్వరమా?”

“జరమే సామీ.”

“కాణిపాకం పోయినావా?”

“పోయినాను సామీ.”

“జ్వరంతోనా?”

మా మామ తల గోక్కున్నాడు. “దేవుని పని కదా సామీ.”

కోర్టంతా నవ్వింది. బంట్రోతు కూడా నవ్వాడు. మా దాయాది అందరికన్నా ముందు నవ్వాడు.

అప్పుడు సర్కారు ప్లీడరు ఇంకొక కాగితం ఇచ్చాడు. జైలు నుంచి వచ్చిన కాగితం. శిక్ష పడి లోపలికి పోయిన ప్రతివాణ్ణీ అప్పీలు చేసుకుంటావా అని జైల్లో అడుగుతారట. చేసుకుంటానంటే అర్జీ అక్కడి నుంచే పంపుతారట, ప్లీడరు అక్కరలేదట. మా ఆయనను అడిగితే అప్పీలు వద్దు అన్నాడని, వేలిముద్ర వేశాడని ఆ కాగితంలో ఉంది. మా ప్లీడరు ఆ కాగితం చదివి మమ్మల్ని చూసిన చూపు నేను మరిచిపోలేదు.

జడ్జి ఇంగ్లీషులో ఏదో చెప్పి రాసుకున్నాడు. బంట్రోతు వచ్చి ఎర్ర నాడా కట్టను అట్లాగే ఎత్తుకుపోయాడు. ముడి విప్పలేదు. మా కంటే ముందు పిలిచిన కేసుకూ మా కంటే తరువాత పిలిచిన కేసుకూ మధ్యలో ఒక మనిషి వక్కాకు వేసుకుని వచ్చేంత సేపు కూడా పట్టలేదు.

మెట్ల మీద ప్లీడరు చెప్పాడు. “ఏమన్నాడో తెలుసా? ఉన్నమాట చెప్పుంటే ఆలోచించేవాణ్ణి, ఒట్టేసి అబద్ధం చెప్పినోళ్ళకు మన్నింపు లేదన్నాడు.”

జ్వరమని రాద్దామన్నది తానేనన్న సంగతి ఆయన ముఖంలో ఎక్కడా లేదు. జడ్జి మాట కూడా నాకు మింగుడు పడలేదు. ఒట్టేసి అబద్ధం చెప్పినవాళ్ళకు మన్నింపు లేకపోతే, వెనక బెంచీ మీద నవ్విన మనిషి సంగతేమిటి? అతను కింది కోర్టులో ఒట్టు వేశాడు, గుడిలో ఒట్టు వేశాడు. రెండు చోట్లా చెల్లింది. మా మామ అబద్ధం పట్టుకున్న కోర్టుకు అతని అబద్ధం పట్టుకోవడానికి ఒక నాడా ముడి విప్పితే సరిపోయేది. ముసలాడు జ్వరంతో ఉన్నాడా లేడా అని అడగడానికి తీరిక ఉంది, లోపల ఉన్నవాడు కొట్టాడా లేడా అని చూడడానికి లేదు.

“మద్రాసు హైకోర్టుకు పోవచ్చు,” అన్నాడు ప్లీడరు. “కానీ ఆడ శిక్ష తగ్గించేదానికే కాదు, పెంచేదానికి కూడా అధికారం ఉండాది. ఆలోచించుకోండి.”

“పెంచుతారా!” అన్నాడు మా మామ. ఆ ఒక్క మాటతో మద్రాసు తెగిపోయింది. మా ఆయన తరపున ఆలోచించడం అంతటితో అయిపోయింది.

కబురు చెప్పడానికి జైలుకు నేను పోతానన్నాను. మా మామ ఆ ముఖం చూడలేక, తోడుకు మా చిన్నమామను పంపాడు. రైల్లో కాట్పాడి దాకా పోయి, అక్కడి నుంచి వేలూరికి పోయాం. నేను బొరుగుల ఉండలు చేసి గుడ్డలో కట్టుకుపోయాను. బెల్లం దొరకడం కష్టంగా ఉన్న రోజులు, ఇంట్లో ఉన్నదంతా వేశాను. జైలు గేటు దగ్గర తినేవి లోపలికి పోవని ఆపేశారు.

కమ్మీల అవతల మా ఆయన చిక్కిపోయి ఉన్నాడు. నన్ను చూడగానే, “నాయన రాలేదా?” అన్నాడు.

“రాలేదు. అప్పీలు కొట్టేసినారు.”

నేను ఆగలేకపోయాను.

“అప్పీలు వద్దని వేలిముద్ర ఎందుకు ఏసినావయ్యా?”

“నాయన వచ్చి చెప్పినాడు కదా. మండలం అయ్యేదాకా అప్పీలు మాట ఎత్తొద్దన్నాడు. ఆ మరుదినమే వీళ్ళు అడిగినారు. వద్దన్నాను.”

“అర్జీ ఈడ నుంచే, దుడ్డు లేకుండా ఉత్తగా పంపిస్తామని చెప్పినారంట కదా?”

“చెప్పినారు. నాయన మాట కాదంటానా?”

చెయ్యి విరిచాడని అన్యాయంగా జైల్లో పడిన మనిషి, తన చేతులతోనే తలుపు మూసుకుని, దాన్ని తండ్రి మీద గౌరవం అనుకుంటున్నాడు. అప్పుడు అతను కమ్మీల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఆయప్పకు ఏమన్నా అయిందా?”

“బిడ్డకు జరం వచ్చింది.”

అతని కళ్ళు వెలిగాయి. “ఎట్లుండాది?”

“తగ్గిపోయింది. ఆడుకుంటాండాది.”

ఆ వెలుగు ఆరిపోవడం నేను చూశాను. ఆ పిల్ల బాగుందన్న మాటకు ఆరిపోయింది. డబ్బా మూత బిగించిన రోజు నా ముఖం ఎట్లా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. వార్డరు టైము అయిపోయిందన్నాడు. ఇంకా ఎనిమిది నెలలు ఉండాది కదా అన్నాడు మా ఆయన, నన్ను అడుగుతున్నట్టు. అవును అన్నాను.

తిరుగు రైల్లో మూట విప్పాను. ఇంటికి తీసుకుపోతే మా అత్తామామలు తింటారు. వాళ్ళకు పెట్టబుద్ధి కాలేదు, పారేయబుద్ధి అంతకన్నా కాలేదు. చిన్నమామ వద్దన్నాడు. కిటికీ పక్కన కూర్చుని, ఎవరి మీద కోపమో తేల్చుకోలేకుండానే, చిత్తూరు వచ్చేలోపల ఒక్కొక్క ఉండే కొరుకుతూ అన్నీ నేనే తినేశాను.